చర్చి ఇళ్లుగా మారిన కట్టడానికి లింకు డాక్యుమెంట్లు వెతికే పద్ధతి

నల్లగొండలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసి, కళ్లు మసకబారిన తర్వాత ఆ బల్ల ఎత్తేసినవాణ్ణి నేను. చరిత్ర నా చదువు కాదు. ఒక ఆస్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ కాగితం మీద, ఎంత సొమ్ముకు మారిందో వెతకడం మాత్రం నా వృత్తి. మా అమ్మాయి, అల్లుడు దక్షిణ లండన్ శివారులో ఒక ఫ్లాట్ కొనుక్కుని, గృహప్రవేశం నాడు వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించారు. పడకగదిలో ఒక కిటికీ దగ్గర నేను ఆగమన్నాను. అది నేలమీదనే మొదలై, రాతి చట్రంతో పైకి పోయి, చివర తామర మొగ్గలా మొనదేలి ఉంది. ఏ కిటికీ అయినా నడుము ఎత్తున మొదలవుతుంది కదా, దీని కింది సగం ఏమైందని అడిగాను. "కింది ఇంటివాళ్ల హాల్లో ఉంది నాన్నా. ఇది ఒకప్పుడు చర్చి" అన్నది అమ్మాయి. ఎప్పుడు కట్టారు, ఎందుకు మూశారు, ఎవరి దగ్గర ఎవరు కొని ఇళ్లుగా మార్చారు అన్న ప్రశ్నలకు ఇద్దరి దగ్గరా జవాబు లేదు. కొన్న ఆస్తికి లింకులు చూడకుండా ఊరుకోవడం నాకు చేతకాని పని కనుక, ఆ చలికాలమంతా నల్లగొండలో నేను, లండన్‌లో వాళ్లు కలిసి ఆ వెతుకులాట సాగించాం. అట్లాంటి ఇళ్లలో ఉంటున్న మన వైపు పిల్లలకు పనికివస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

నేటి నుంచి వెనక్కి

మన దగ్గర ప్లాటు కొనేవాడు నిజాం కాలం నుంచి మొదలుపెట్టడు. అమ్మేవాడి చేతిలో ఉన్న డాక్యుమెంటు చదివి, అందులో రాసిన లింకు నంబరు పట్టుకుని దాని ముందుదానికి, అక్కడి నుంచి ఇంకా ముందుదానికి పోతాడు. 1983 నుంచి ఇప్పటి దాకా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, కంప్యూటర్‌లోనే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే కార్యాలయంలో పాత పుస్తకాలు తిరగేయించాలి. దానికీ వెనక్కి పోతే పహాణీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, చివరకు తొలి భూమి సర్వే నాటి రికార్డు అయిన సేత్వార్. గొలుసులో ఒక్క కడియం తెగినా ఆ ఆస్తి మీద అనుమానం మిగులుతుంది.

చర్చి చరిత్ర రాయబోయేవారు ఎక్కువగా చేసే తప్పు ఈ వరుసను తలకిందులు చేయడం. ఆ ఊరి పేరు ఏ శతాబ్దంలో మొదట వినిపించింది, చర్చికి పేరిచ్చిన పరిశుద్ధుడు ఎవరు అనే దగ్గర మొదలుపెట్టి, పది పేజీలు రాసినా కట్టడం దాకా రాలేక అలసిపోతారు. లండన్ శివార్లలోని విచారణ చర్చిల్లో చాలా వాటి వయసు నూట యాభై, రెండు వందల ఏళ్లకు మించదు. విచారణ అనే మాట మన నల్లగొండ మేత్రాసనంలోని కతోలికులు వాడేదే; ఒక గురువు బాధ్యతలో ఉండే ప్రాంతం అని దాని అర్థం. అట్లాంటి విచారణలు కొన్ని కలిసి ఒక బిషప్ కింద ఉండేది మేత్రాసనం. ఇంగ్లండ్‌లో ఊళ్లో ప్రతి అంగుళమూ ఏదో ఒక ఆంగ్లికన్, అంటే ఆ దేశపు అధికారిక చర్చి, విచారణలో ఉంటుంది, అక్కడ నివసించేవారు ఏ మతం వారైనా సరే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాత కాగితాల భాష తేలికగా అర్థమవుతుంది.

ఇళ్లుగా మారినప్పటి కాగితాలు

మొదట మీ ఫ్లాటు టైటిల్ రిజిస్టరు, దాని ప్లాను, వాటితోపాటు మొత్తం కట్టడానికి ఉన్న ఫ్రీహోల్డ్, అంటే నేలతో సహా పూర్తి హక్కు, టైటిల్ రిజిస్టరు తీసుకోండి. అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీ కొద్ది పౌండ్ల రుసుముతో ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది. ఫ్లాటు లీజ్‌హోల్డ్, అంటే ఏళ్ల గడువుతో ఇచ్చిన కౌలు హక్కు, కనుక దాని కాగితంలో ఇటీవలి చరిత్ర మాత్రమే ఉంటుంది. ఫ్రీహోల్డ్ కాగితంలో అయితే చర్చి వారు అమ్మినప్పుడు పెట్టిన షరతులు కూడా నమోదై ఉంటాయి. ఇది పూజకు వాడరాదు, మద్యం అమ్మరాదు, ఫలానా గోడ కూల్చరాదు వంటి షరతులు కనిపిస్తే, ఆ షరతు రాసిన దస్తావేజు తేదీ దగ్గరే మీ గొలుసులో తొలి కడియం దొరికినట్టు. ఇంగ్లండ్, వేల్స్ అంతటా అమ్మకంతోపాటు రిజిస్ట్రీ తప్పనిసరి అయింది 1990 డిసెంబరు 1 నుంచి మాత్రమే కనుక, అంతకు ముందరి దస్తావేజుల నకలు అందులో లేకపోయినా బెంగపడనవసరం లేదు.

రెండవది స్థానిక కౌన్సిల్ వద్ద ఉన్న ప్లానింగ్ ఫైలు. ఇది మనకు అంత పరిచయం లేని వసతి. చిరునామా కొడితే ఆ కట్టడం మీద వచ్చిన దరఖాస్తులు, నక్షలు, ఇరుగుపొరుగు అభ్యంతరాలు, చాలా చోట్ల ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. ఒక చిన్న సూక్ష్మం ఇక్కడ ఉంది. చర్చి పూజలో ఉన్నంతకాలం, అది వారసత్వ జాబితాలో ఉన్న కట్టడమే అయినా, మార్పులకు కౌన్సిల్ నుంచి ఆ జాబితా తాలూకు అనుమతి అక్కర్లేదు. ఆ అధికారం చర్చి న్యాయస్థానానిదే. పూజ ఆగిన మరునాటి నుంచి మామూలు చట్టమే వర్తిస్తుంది. అందువల్ల కౌన్సిల్ ఫైలు అకస్మాత్తుగా లావెక్కిన ఏడాది ఏదో చూస్తే, చర్చి మూతపడిన కాలం ఇంచుమించు తెలిసిపోతుంది.

ఆ ఫైల్లో వారసత్వ నివేదిక పేరుతో ఇరవై ముప్పై పేజీల కట్ట ఒకటి ఉంటుంది. వాస్తుశిల్పి పేరు, కట్టిన ఏడు, పాత ఫొటోలు అన్నీ అందులోనే దొరుకుతాయి, పని అయిపోయిందనిపిస్తుంది. నా అనుభవంలో అది అమ్మేవాడి నోటి హద్దుల లాంటిది. బిల్డర్ డబ్బిచ్చి రాయించుకున్న కాగితం. అనుమతి రావడమే దాని ప్రయోజనం. ఏది విలువైనదో తక్కువ చేసి, ఏది ముందే పాడైందో ఎక్కువ చేసి చెప్పే అవకాశం ఉన్నది కనుక, అందులోని ప్రతి తేదీని మరో కాగితంతో సరిచూసుకున్న తర్వాతే మీ రాతలోకి తీసుకోండి.

మూసివేత కాగితం

చర్చిని ఇల్లుగా మార్చడం ఒకరోజు తాళం వేసి మరునాడు అమ్మేసే వ్యవహారం కాదు. ఆంగ్లికన్ చర్చిలకు సంబంధించి 1968లో వచ్చి 1969లో అమలైన పాస్టరల్ మెజర్ అనే చట్టం, ఆ తర్వాత 1983లో, 2011లో దాని స్థానంలోకి వచ్చిన చట్టాలు ఇందుకు ఒక క్రమం పెట్టాయి. ముందు ఆ చర్చిని నిత్య ఆరాధన నుంచి తప్పించే పథకం రాస్తారు. దాన్ని ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. ఆంగ్లికన్ చర్చి ఆస్తుల వ్యవహారాలు చూసే చర్చి కమిషనర్లు విని నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం మీద అప్పీలు ప్రీవీ కౌన్సిల్ దాకా పోవచ్చు. మూసిన తర్వాత రెండో పథకం. కట్టడానికి తగిన వేరే వాడకం వెతకడమా, చారిత్రక విలువ ఎక్కువైతే 1969లో అందుకోసమే పెట్టిన సంరక్షణ నిధికి అప్పగించడమా, ఏదీ కుదరకపోతే కూల్చడమా అన్నది అందులో తేలుతుంది. మొదటి చట్టం వచ్చినప్పటి నుంచి ఇంగ్లండ్‌లో వెయ్యికి పైగా చర్చిలు ఈ దారిలో నడిచాయి.

ఈ రెండు పథకాల నకళ్లూ సంపాదించండి. చర్చి కమిషనర్ల పాత దస్త్రాలు లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న లాంబెత్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఉంటాయి; ముందుగా ఈమెయిల్ రాసి, చర్చి పేరు, ఊరు, మూసిన సుమారు కాలం చెబితే వారు దారి చూపిస్తారు. పథకం కంటే విలువైనవి దానికి జతచేసిన ఉత్తరాలు. పైకప్పు మరమ్మతుకు ఎంత అవుతుందని అంచనా వచ్చింది, ఆదివారం ఎంతమంది వస్తున్నారు, పక్క విచారణతో కలపడానికి ఎవరు ఒప్పుకోలేదు అన్నవి ఆ ఉత్తరాల్లోనే ఉంటాయి.

చదివేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. చర్చి మూతపడింది అంటే విచారణ రద్దయిందని కాదు. సాధారణంగా దాన్ని పక్క విచారణతో కలుపుతారు. జ్ఞానస్నానాల పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం అక్కడికో, జిల్లా ఆర్కైవ్స్‌కో పోతాయి. బల్లలు, గంట, ఆర్గన్, జ్ఞానస్నాన తొట్టి వేరే చర్చిలకు పంచుకుపోతాయి. ఈ పంపకాల జాబితా దొరికితే, మీ ఇంటి గంట ఇప్పుడు ఏ ఊళ్లో మోగుతున్నదో కూడా రాయవచ్చు. ఆ గోడలకు బిషప్ ఇచ్చిన ప్రతిష్ఠ తాలూకు చట్టపరమైన బంధం కూడా ఆ పథకంతోనే తెగిపోతుంది. ఈ సంగతి చెప్పిన తర్వాతే మా వియ్యపురాలు ఆ ఇంట్లో దీపం పెట్టడానికి మనసు కుదుర్చుకున్నది.

మా వీధిలో అందరూ అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెప్పాలి. "సమాధుల మీద ఇల్లా?" అని. లండన్ నడిబొడ్డున చర్చి ఆవరణల్లో శవాలు కిక్కిరిసి, కలరా భయం పెరిగిన తర్వాత 1852లో వచ్చిన చట్టంతో వాటిని మూయించి, ఊరి బయట పెద్ద శ్మశానవాటికలు ఏర్పాటు చేయడం ఊపందుకుంది. ఆ తర్వాత శివారులో లేచిన చర్చిల్లో చాలావాటికి సమాధుల ఆవరణే లేదు. మీ చర్చి అంతకంటే పాతదైతే మాత్రం ప్లానింగ్ ఫైల్లో పురావస్తు నివేదిక ఉంటుంది, అది చూడండి.

కట్టడాన్ని కళ్లతో చదవడం

పానగల్లు గుడి దగ్గర శాసనం వెతికినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. కాగితం కోసం పరుగెత్తే ముందు ఒక సెలవు రోజు కట్టడం చుట్టూ తిరగండి, పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ అయితే మంచిది. బలిపీఠం ఉండే కొస సాధారణంగా తూర్పున ఉంటుంది. అక్కడి పెద్ద కిటికీయే మీకు దిక్సూచి. బయటి గోడలో, తూర్పు మూలకు దగ్గరగా, మోకాలి ఎత్తున శంకుస్థాపన రాయి ఉండవచ్చు. గోడ ఇటుకల రంగు ఎక్కడ మారిందో చూడండి. డబ్బు చాలక పడమటి భాగం, గంటగోపురం పదేళ్ల తర్వాత కట్టిన చర్చిలు, గోపురం అసలు కట్టనే కట్టని చర్చిలు శివార్లలో కొల్లలు. ఉమ్మడి మెట్ల దగ్గర, చెత్తడబ్బాల గదిలో, సైకిళ్లు పెట్టేచోట పాత పలకలు మిగిలి ఉంటాయి. మా వాళ్ల భవనంలో విద్యుత్ మీటర్ల పెట్టె వెనక ఒక కొయ్య పలక బయటపడింది. ఫలానా సంఘం చర్చి కట్టుబడికి గ్రాంటు ఇచ్చిందని, అందుకు బదులుగా ఇన్ని కుర్చీలు పేదలకు అద్దె లేకుండా ఉంచాలని దాని మీద రాసి ఉంది. అంకె మీద రంగు లేచిపోయింది, మా అల్లుడు టార్చి పక్క నుంచి పట్టి తీసిన ఫొటోలో మాత్రం చదవగలిగాం.

అట్లాంటి పలక దొరకడం అదృష్టం. 1818లో పుట్టిన ఆ చర్చి నిర్మాణ సంఘం ఎవరికి ఎంత ఇచ్చిందో, ఏ నక్షకు ఇచ్చిందో తెలిపే దస్త్రాలు లాంబెత్ గ్రంథాలయంలోనే భద్రంగా ఉన్నాయి. అదే 1818లో బ్రిటిష్ పార్లమెంటు కొత్త చర్చిల కోసం 10 లక్షల పౌండ్లు, 1824లో మరో 5 లక్షల పౌండ్లు మంజూరు చేసింది. పట్టణాలు వాగు పొంగినట్టు పెరుగుతుంటే చర్చిల్లో కూర్చోవడానికి చోటు లేకపోవడం, ఉన్న చోటు కూడా అద్దె కట్టగలవారి పాలు కావడం అందుకు కారణం. కుర్చీకి అద్దె ఏమిటని మనకు వింతగా ఉంటుంది. అక్కడ అది చాలాకాలం చర్చి ఆదాయ మార్గాల్లో ఒకటి.

పుట్టుక

ఇక్కడికి వచ్చేసరికి మీ గొలుసు ఒక ఏడు దగ్గర ఆగుతుంది. ఆ ఏడు ఏ పని జరిగిన ఏడో తేల్చడమే ఈ భాగంలో అసలు కష్టం. శంకుస్థాపన ఒక ఏడు, తలుపులు తెరిచి పూజ మొదలుపెట్టడం మరో ఏడు, బిషప్ వచ్చి ప్రతిష్ఠ చేయడం ఇంకో ఏడు కావచ్చు. భూమి చట్టప్రకారం చర్చి పేరు మీదికి మారి, కట్టుబడి అప్పులు తీరితే గానీ సాధారణంగా ప్రతిష్ఠ చేసేవారు కాదు. మూడింటికీ ముందు అదే స్థలంలోనో పక్క సందులోనో ఇనుప రేకుల చర్చి ఒకటి నిలబడి ఉండవచ్చు. శివారులో ఇళ్లు లేస్తుండగానే ముందు రేకుల షెడ్డు వేసి, చందాలు పోగైన తర్వాత ఇటుకల చర్చి కట్టుకోవడం ఆనాటి వాడుక. పాత డైరెక్టరీలో చర్చి పేరు ఉంది కదా అని ఆ ఏడే కట్టడం వయసుగా రాస్తే, రేకుల షెడ్డు పుట్టినరోజును ఇటుకల చర్చికి అంటగట్టినట్టవుతుంది.

దీన్ని తేల్చడానికి రెండు ఆధారాలు నాకు బాగా అక్కరకు వచ్చాయి. ఒకటి పాత సర్వే పటాలు. ఆర్డ్‌నెన్స్ సర్వే వారు మైలుకు 25 అంగుళాల కొలతతో గీసిన పటాలను స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. నేటి ఉపగ్రహ చిత్రం మీద పాత పటాన్ని పరిచి, పారదర్శకంగా జరుపుతూ చూసుకోవచ్చు. మన టిప్పన్, అంటే సర్వే కొలతల చిత్తు నక్ష, చదవడం వచ్చినవాడికి పండుగే. మా చర్చి ఉన్నచోట తొలి పటంలో కూరగాయల మడులు, ఒక కాలిబాట. తర్వాతి పటంలో వరుస ఇళ్లు, మధ్యలో శిలువ ఆకారంలో గీతలు.

రెండోది లండన్ గెజెట్. 1665లో మొదలైన ఈ ప్రభుత్వ పత్రిక సంచికలన్నీ ఉచితంగా వెతుక్కోవచ్చు. కొత్త చర్చికి కొత్త విచారణ ఏర్పరచినప్పుడు, 1843, 1856 చట్టాల కింద వెలువడిన ఉత్తర్వును అందులో అచ్చువేసేవారు. ఆ ఉత్తర్వు చదువుతుంటే నాకు నా బల్ల దగ్గరే కూర్చున్నట్టు అనిపించింది. ఫలానా రోడ్డు నడిమధ్య నుంచి బయలుదేరి, ఫలానా వంతెన దాకా వచ్చి, అక్కడ దక్షిణానికి తిరిగి, రైలు కట్ట వెంట నడిచి, మొదలైనచోటికే చేరే హద్దులు. తూర్పు పడమర ఉత్తరం దక్షిణం అని మనం నాలుగు ముక్కల్లో రాసేదాన్ని వాళ్లు ఒక మనిషి నడిచినట్టు రాశారు. ఆ హద్దులను పటం మీద ఎర్ర పెన్సిల్‌తో గీసుకోండి; ఆ చర్చి ఎవరి కోసం కట్టారో, ఏ వీధులవారిని ఎంచి వదిలేశారో ఆ గీతతో తెలుస్తుంది.

పెళ్లిళ్ల పుస్తకం కూడా ఇందుకు సాక్ష్యమే. ఇంగ్లండ్‌లో విచారణ పుస్తకాలు రాయాలని 1538లో రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ పెట్టినప్పటి నుంచి ఆ అలవాటు ఉంది. సొంత విచారణ లేకుండా మరో చర్చి కింద ఉపచర్చిగా ఉన్న మందిరంలో సాధారణంగా పెళ్లిళ్లు జరిగేవి కావు. తల్లి విచారణకు పోవాల్సిందే. అందువల్ల మీ చర్చి పుస్తకంలో తొలి పెళ్లి తేదీ, గెజెట్ ఉత్తర్వు తేదీ పక్కపక్కన పెట్టుకుంటే ఆ చర్చికి స్వతంత్ర హోదా ఎప్పుడు వచ్చిందో స్పష్టపడుతుంది.

ఇక దస్త్రాలు ఎక్కడున్నాయన్నది. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయిన తర్వాత పాత ఫైలు కోసం ఎన్ని కార్యాలయాల మెట్లెక్కామో మనకు తెలుసు. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. దక్షిణ లండన్‌ది అదే కథ. అక్కడి విచారణల్లో చాలావి మొదట వించెస్టర్ మేత్రాసనంలో ఉండేవి, 1877లో రోచెస్టర్‌కు మారాయి, 1905లో సదర్క్ ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. పాలన లెక్కన 1889 దాకా సర్రే, కెంట్ జిల్లాలు. తర్వాత లండన్ కౌంటీ. బయటి శివార్లు 1965లో గ్రేటర్ లండన్. కాబట్టి ప్రతిష్ఠ పత్రం వించెస్టర్‌లోని హాంప్‌షైర్ ఆర్కైవ్స్‌లో ఉండి, పెళ్లిళ్ల పుస్తకం ఇప్పుడు లండన్ ఆర్కైవ్స్ అని పేరు మార్చుకున్న మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్‌లో ఉండవచ్చు. మీకు కావలసిన ఏడు ఏ మేత్రాసనం కాలంలో పడుతుందో ముందు లెక్కవేసుకుని, ఆ తర్వాత ఉత్తరం రాయండి.

మేము చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. మూడు వారాల పాటు మా అల్లుడు నకళ్లు తెప్పించి పంపిన కాగితాల్లో వాస్తుశిల్పి వేరు, గోపురం వేరు, వీధి పేరు కూడా కలవడం లేదు. పాత రోజుల్లో వీధి పేర్లు మారేవి కదా అని నేనే సమాధానం చెప్పాను. తీరా చూస్తే అవి రెండు మైళ్ల అవతల అదే పరిశుద్ధుని పేరు పెట్టుకున్న మరో చర్చివి. మన దగ్గర ప్రతి ఊళ్లో ఆంజనేయస్వామి గుడి ఉన్నట్టే అక్కడ ఒకే పేరుతో చర్చిలు అడుగడుగునా ఉంటాయి. సర్వే నంబరు చూడకుండా పట్టాదారు పేరు చూసి డాక్యుమెంటు రాయవద్దని నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పేరుతోపాటు వీధి, మేత్రాసనం, విచారణ మూడూ కలిస్తేనే ఆ కాగితాన్ని మీ కట్టలో చేర్చండి.

మనుషులు

గోడల వయసు తేలిన తర్వాత అందులో కూర్చున్నవారి సంగతి. 1851 మార్చి 30న ఇంగ్లండ్ అంతటా ఆరాధనకు ఎంతమంది వచ్చారో లెక్కించారు. అప్పటికి మీ చర్చి లేకపోతే దాని తల్లి చర్చి లెక్క చూడండి. లండన్‌లో 1902-03లో డెయిలీ న్యూస్ పత్రిక మనుషులను తలుపుల దగ్గర నిలబెట్టి తలలు లెక్కపెట్టించింది. లండన్ జనం బతుకుల మీద చార్లెస్ బూత్ 1886 నుంచి 1903 దాకా జరిపించిన సర్వేలో విచారణ గురువులతో మాట్లాడి రాసుకున్న నోటుపుస్తకాలు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వారు ఆన్‌లైన్‌లో పెట్టారు. మీ చర్చి వాటి పరిధిలో పడితే, గురువు తన జనం గురించి ఏమనుకున్నాడో ఆనాటి చేతిరాతలోనే చదవవచ్చు. యుద్ధకాలానికి లండన్ కౌంటీ బాంబు నష్టం పటాలు ఉన్నాయి. పూర్తిగా నేలమట్టమైన ఇంటికి నల్లరంగు, బాగుచేయలేనంత దెబ్బతిన్నదానికి ఊదారంగు పూశారు. చర్చి చుట్టూ నాలుగు వీధులు నల్లబడి ఉంటే, యుద్ధం తర్వాత జనం ఎందుకు తగ్గారో వేరే చెప్పనక్కర్లేదు.

ఎందుకు మూతపడిందన్న ప్రశ్నకు విశ్వాసం తగ్గింది అని ఒక్క మాటలో రాసేయకండి. శివారు పెరుగుతున్న వేడిలో అవసరానికి మించి చర్చిలు కట్టారు. కొన్నింటిలో తొలినాటి నుంచే సగం బల్లలు ఖాళీ. కార్లు, గుర్రపుబండ్లు పెట్టుకోగలిగినవారు ఇంకా దూరపు శివార్లకు తరలిపోయారు. పెద్ద ఇళ్లు గదులుగా విడిపోయి అద్దెకు పోయాయి. రాతి పనికి, పైకప్పు సీసానికి అయ్యే ఖర్చు మాత్రం తగ్గలేదు. ఏది మీ చర్చికి వర్తిస్తుందో మూసివేత ఫైలులోని ఉత్తరాలే చెప్పాలి. మంది లెక్కను, మరమ్మతు అంచనాను, ఆ వీధుల జనాభా లెక్కను ఒకే కాగితం మీద ఏడాదివారీగా రాసుకుంటే కారణం దానంతట అదే తేలుతుంది.

ఇదే పని నల్లగొండలో చేయాలంటే

మన పట్టణాల్లోనూ పాత ప్రార్థన మందిరం చాలక కొత్తది కట్టుకుని, పాతదాన్ని క్వార్టర్లుగానో హాస్టల్ గదులుగానో వాడిన చోట్లున్నాయి. పద్ధతి ఇదే, కాగితాల పేర్లే వేరు. పాలమూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1885లో, నల్లగొండలో 1890లో స్థావరం పెట్టింది. నల్లగొండకు వచ్చిన ఏబ్రహం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్. పాలమూరు స్థావరం 1937లో మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ చేతికి మారింది. మిషన్ కాంపౌండ్ కాగితాలు ఇక్కడ ఎంత వెతికినా సగమే దొరకడానికి కారణం, బాప్టిస్టుల దస్త్రాలు అమెరికాలో అట్లాంటాలోని వారి చరిత్ర సంఘం వద్ద, మెన్నోనైట్ బ్రెదరన్ దస్త్రాలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఉండడమే. లండన్ చర్చి కాగితం లండన్ బస్సెక్కితే దొరికింది. నల్లగొండ గడియారం స్తంభానికి కూతవేటు దూరంలోని బంగళా కాగితానికి సముద్రం దాటాలి.

మన రెవెన్యూ కాగితాల్లో వాడిన ఫసలీ, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఏడుకు 590 కలిపితే క్రీస్తు శకం ఇంచుమించు వస్తుంది. హైదరాబాద్ భూమి రెవెన్యూ చట్టం 1317 ఫసలీ అంటే 1907. ఉర్దూ చదివే పెద్దమనిషిని తోడు తీసుకుని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోండి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్లలోని పుస్తకాలు ఎటు పోయాయో ఊరి ముసలివాళ్లను అడగడం కూడా పనిలో భాగమే. పాస్టరు గారి కుటుంబం, మిషన్ బడిలో చదివినవారు చెప్పే మాటలను తేదీ వేసి రాసుకోండి, వారు బతికి ఉండగానే.

రాయడం

వెతికింది వెనక్కి అయినా రాసేది ముందుకే రాయండి. చదివేవారికి మడులు, రేకుల షెడ్డు, ఇటుకల చర్చి, తాళం, ఫ్లాట్లు అన్న వరుస కావాలి. తేదీ తేలనిచోట రెండు కాగితాల మధ్య ఎన్నేళ్ల ఖాళీ ఉందో చెప్పి వదిలేయండి. ఖాళీని కథతో పూడ్చితే మొత్తం దస్తావేజు మీదే నమ్మకం పోతుంది. ఇప్పుడు ఆ భవనంలో ఉంటున్నవారి పేర్లు, వారు కొన్న ధరలు రాయవద్దు.

చివరగా ఒక జాగ్రత్త. రంగుగాజు కిటికీ ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో, ఏ ఏట పెట్టారో దాని అట్టడుగు అంచున రాస్తారు. మధ్యలో కొత్త అంతస్తు వేసిన ఇంట్లో ఆ అంచు ఎప్పుడూ కింది ఇంటివారి వాటాకు పోతుంది. ఈ సంగతి మాకు వెతుకులాట మొదట్లోనే తట్టి ఉంటే నెల రోజులు మిగిలేవి. "ఊరికే పోయి అడగకు బిడ్డా, ఏదైనా పట్టుకుపో" అని మా ఆవిడ చెప్పిన మీదట, సంక్రాంతికి ఇక్కడి నుంచి పంపిన సకినాలు డబ్బాలో పెట్టుకుని అమ్మాయి కిందికి దిగింది. ఆ ఇంటి ముసలావిడ సోఫా జరిపింది. సోఫా వెనక, నేలకు జానెడు ఎత్తున, నీలం గాజు ముక్క మీద రెండు వరుసల అక్షరాలు, ఒక ఏడు ఉన్నాయి. ఆ ఏడు పట్టుకునే మేము గెజెట్ తెరిచాం.